మయూరి సినిమా – మా తొమ్మిదో తరగతి వాదన

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వాళ్ళు ఫోన్ చేసి, "ఇరవై నిమిషాలు మాట్లాడన్నా, కాలువలూ కాంక్రీటూ మాత్రం వద్దు" అన్నారు. సరే అన్నాను. అందుకే సినిమా గురించి మాట్లాడతాను. చివర్లో కాస్త సిమెంటు తగులుతుంది, క్షమించాలి.

ఆ సినిమా పేరు మయూరి. 1985 నాటిది. సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు, రామోజీరావు నిర్మాత, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సంగీతం. నాట్యమే ప్రాణంగా పెరిగే ఒక పిల్ల. ఒక అబ్బాయితో ప్రేమ. ఒక ప్రమాదం, కాలు తీసేయడం. ప్రేమించినవాడు తప్పుకోవడం. కృత్రిమ పాదంతో ఆ అమ్మాయి మళ్ళీ గజ్జె కట్టడం. కథ ఇంతే. అప్పుడు మేము తొమ్మిదో తరగతి. ప్రేమ అన్న మాట పెద్దల ముందర పలికితే వీపు చిట్లే రోజులు. అలాంటిది, ఈ సినిమా మీద మా క్లాసులో ఒక శనివారం ఆఖరి పీరియడులో బహిరంగంగా చర్చ జరిగింది. నడిపించింది మా తెలుగు అయివారు. ఆ చర్చ నలభై ఏళ్ళుగా నా తలలో ఆగలేదు. దాన్ని ఈ రోజు మీ ముందు ముగిద్దామని వచ్చాను.

ముందు ఆ సినిమా మాకెట్లా అందిందో చెప్పాలి. అనంతపురంలో ఆడి, ధర్మవరంలో ఆడి, ప్రింటు గీతలు పడి, అక్కడక్కడా అతుకులు పడ్డాక ఆర్నెల్లకు మన ఊరి టూరింగు టాకీసుకు వచ్చింది. ఇప్పుడు అక్కడ పెట్రోలు బంకు ఉంది. నేల టికెట్టుకు చిల్లర కూడబెట్టాలి. ఆ ఏడు శెనక్కాయ పంట సరిగా రాలేదు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఇంట్లో రూపాయి అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రాలిన కాయలు ఏరుకొచ్చి అంగట్లో అమ్మి ఆ డబ్బులతో పోయాం. ఏడుగురం మగపిల్లలం, మూడు కిలోమీటర్లు నడక. రాత్రి రెండో ఆట.

మా మొదటి అభిప్రాయం చెబితే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. ఆ హీరోయిన్‌కి నిజంగానే ఒక కాలు లేదని పేపర్లో వచ్చిందని ఎవడో చెప్పాడు. అంతే, మాలో మాకు పందెం. ఏ కాలు రబ్బరుదో కనిపెట్టినవాడికి నాలుగు శెనక్కాయ ఉండలు. చివరి నాట్యం నడుస్తున్నంతసేపూ మేము ముఖం చూడలేదు, చేతులు చూడలేదు. పాదాలే చూశాం. ఒకడు ఎడమన్నాడు, ఒకడు కుడన్నాడు. ఇద్దరు మరుసటి రాత్రి మళ్ళీ పోయి చూసొచ్చారు. తేలలేదు. ఉండలు ఎవరికీ దక్కలేదు.

సోమవారం నుంచి బడిలో ఇదే మాట. ఈ గోల విని అయివారు బెత్తం తీస్తారనుకున్నాం. ఆయన బెత్తం తీయలేదు. శనివారం బాలసభలో నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో ఒక ప్రశ్న రాశారు: "మయూరిని విడిచిపోయిన యువకునిది తప్పా, ఒప్పా?" ఒక్కొక్కరినీ లేచి చెప్పమన్నారు.

మగపిల్లలం అందరం ఒకే మాట. వాడు దుర్మార్గుడు. మేమైతే విడిచి ఉండేవాళ్ళం కాదు. పదునాలుగేళ్ళ వయసులో త్యాగం చాలా సులువు.

ఆడపిల్లల వైపు నుంచి ఎవరూ లేవలేదు. రెండుసార్లు అడిగాక ఒకామె లేచింది. ఆమె సినిమా చూడలేదు, వాళ్ళన్న చెప్పగా విన్నది. "ఆ పిల్లకు కాలు పోయినా మళ్ళా గజ్జె కట్టినారు. మాకు రెండు కాళ్ళూ ఉండాయి, మమ్మల్ని ఎవరు కట్టనిస్తారు సార్?" అని కూర్చుంది. క్లాసంతా నవ్వింది. అయివారు నవ్వలేదు. మన పక్క చెక్కభజన మీకు తెలుసు. కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు, పొద్దుపోయేదాకా దుమ్ము రేగేలా ఎగిరేవాళ్ళం. మా ఊళ్ళో ఆ రోజుల్లో అది మగపిల్లలదే. ఆమె ఇంటి ముందరే నేనూ ఎగిరాను. ఆమె గడప లోపల నిలబడి చూసేది. అది కూడా ఒక అభిప్రాయమేనని నాకు అప్పుడు తోచలేదు.

శెనక్కాయల మండీ వాళ్ళబ్బాయి లేచి ధైర్యంగా మాట్లాడాడు. "సార్, అందరూ వాణ్ణి తిడతాండారు. వాళ్ళింట్లో ఒప్పుకోవద్దా? సినిమా కాబట్టి తిడతాండాము. నిజంగా మన ఇంటికే సంబంధం వస్తే మనం చేసుకుంటామా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆ పూట క్లాసులో నిజం చెప్పినవాళ్ళలో వాడు రెండోవాడు. మొదటిది ఆ అమ్మాయి.

మూడోవాడి గురించే నేను ఇక్కడికి వచ్చింది.

వాడు తలుపు పక్కన చివరి బెంచీ. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఇనుప పట్టీల బూటు వేసుకుని, చెయ్యి తొడ మీద ఆనించి నడిచేవాడు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక గోడే. చిన్నప్పటి నుంచి కలిసి చదివాం, కలిసి తిన్నాం. అయివారు వాణ్ణి అడగలేదు, బహుశా నొప్పిస్తానేమోనని. వాడే లేచాడు.

"నేను సినిమా చూడలేదు సార్. వీళ్ళు పోయినారు, నన్ను పిల్చలేదు" అన్నాడు. నావైపు చూడలేదు. "ఆ పాప డ్యాన్సు ఆడింది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టినారంట. ఆడకుండా ఉంటే ఏమి చేసేవాళ్ళు? నేనైతే ఆడను సార్. నడుస్తా, అంతే. దానికి చప్పట్లు వద్దు, పిల్చుంటే చాలు."

గంట కొట్టారు. అందరం బయటికొచ్చాం. దోవలో నేను వాడితో, "మూడు కిలోమీటర్లు నడవలేవు కదరా, అందుకే" అన్నాను. "ఆ మాట నేను చెప్పాల. నువ్వు కాదు" అన్నాడు. తర్వాత మామూలుగానే ఉన్నాడు. నేనే ఉండలేకపోయాను. సినిమాలో వాణ్ణి దుర్మార్గుడని గట్టిగా అరిచినవాడిని నేను. వాడు కాలు పోయాక తప్పుకున్నాడు. నేను పిలవకుండానే తప్పించాను. తేడా పెద్దదేమీ కాదు.

ఇంట్లో మా అవ్వ అభిప్రాయం కూడా చెప్పాలి. కథంతా విని, "ఆ బిడ్డకు పెండ్లి ఎట్లయితాదో ఏమో" అంది. మా అమ్మ వెంటనే, "పెండ్లి సంగతి అటుంచు, ఆ నొప్పి ఎట్ల ఓర్చుకుందో" అంది. మా అమ్మ ఒక్కతే ఆ కాలి నొప్పి గురించి ఆలోచించింది.

తర్వాత ఇంజనీరింగు చదివేటప్పుడు లైబ్రరీలో ఒక వ్యాసం కంటబడింది, ఆ కాలి గురించే. సుధాచంద్రన్ బొంబాయి అమ్మాయి, చిన్నప్పటి నుంచి భరతనాట్యం నేర్చుకుంది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో గాయపడింది. గాయానికి గాంగ్రీన్ సోకి కుడి కాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికి ఆమెకు పదహారో ఏడు దాటలేదు. సినిమా చూసినప్పటి మా వయసు కంటే కాస్త పెద్ద, అంతే. మా పందెంలో కుడి అన్నవాడే గెలిచినట్టు లెక్క. ఈ సంగతి ఆ మిత్రుడికి ఈ మధ్యనే చెప్పాను, ఉండలు బాకీ ఉన్నాను.

ఆమె జైపూర్ పాదం పెట్టించుకుంది. మళ్ళీ మొదటి అడుగు నుంచి సాధన చేసి 1984 జనవరిలో బొంబాయిలో వేదికెక్కింది. ఆ జీవితమే మయూరి కథకు ఆధారం. ఆ పాత్రను ఆమె చేతనే వేయించారు. జాతీయ అవార్డుల్లో స్పెషల్ జ్యూరీ బహుమతి వచ్చింది. 1986లో హిందీలో నాచే మయూరి తీస్తే అందులోనూ ఆమే.

ఒక్క నిమిషం ఆ పాదం గురించి. జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి 1960ల చివర్లో తయారుచేశారు. ఆ పనికే డాక్టర్ సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. అప్పటిదాకా వాడుకలో ఉన్న విదేశీ పాదం బాగా బిగుసుకుని ఉండేది. దానికి బూటు తప్పనిసరి. బూటేసుకుని మడికట్లో దిగేదెట్లా? గుడిలోకి పోయేదెట్లా? గొంతుకూర్చుని పని చేసేదెట్లా? నేల మీద మఠం వేసుకుని అన్నం తినేదెట్లా? దాన్ని పెట్టించుకున్నవాళ్ళు కొన్నాళ్ళకు మూలన పడేసి కర్రలతోనే నడిచేవాళ్ళు. ఇది చూసి వాళ్ళిద్దరూ రబ్బరూ చెక్కా కలిపి, మడమ దగ్గర అన్నివైపులా వంగే పాదాన్ని చేశారు. బూటు అక్కర్లేదు. రంగూ ఆకారం మన పాదం లాగానే. తడిస్తే పాడవదు. ఎగుడుదిగుడు నేలను పట్టుకుంటుంది.

నాట్యానికి పనికొచ్చిందీ అందుకే. భరతనాట్యంలో పాదం నేలను తట్టే ప్రతిసారీ ఒంటి బరువును మించిన దెబ్బ పడుతుంది. మన పాదమైతే దాన్ని మెత్తగా పంచుకుంటుంది. కృత్రిమ పాదం మీద ఆ దెబ్బ తిన్నగా పైకి, మిగిలిన కాలి మొదట్లో చర్మం మీదికి వస్తుంది. అక్కడ రక్తం కారేది. మా అమ్మ అడిగిన నొప్పి అదే.

ఇందులో నేను నేర్చుకున్న ఇంజనీరింగు ఒక్కటే. విదేశీ పాదాన్ని చేసినవాళ్ళు తెలివి తక్కువవాళ్ళు కాదు. వాళ్ళు మన రైతును అడగలేదు, అంతే. జైపూర్‌లో అడిగారు. ఉచితంగా ఈ పాదాలు అమర్చే మహావీర్ వికలాంగ సహాయతా సమితి అక్కడ 1975లో మొదలైంది. మన సంఘం వయసూ అంతే.

మా మిత్రుడి సంగతికి వస్తాను. పది పాసయ్యాక ఐటీఐ చేశాడు. ఇప్పుడు మోటారు వైండింగు షాపు. మన పక్క బోర్లు ఎండేకొద్దీ లోతుకు దించుతారు, దించేకొద్దీ మోటార్లు కాలతాయి. "కరువు అందరికీ శత్రువు, నాకు మాత్రం గిరాకీ" అని తనే నవ్వుతాడు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఊళ్ళో ఆర్డీటీ వాళ్ళు పెట్టించిన వికలాంగుల సంఘంలో చాలా ఏళ్ళు లెక్కలు చూశాడు. 2014లో మన దేశంలో పోలియో లేదని ప్రకటించినప్పుడు ఫోన్ చేసి, "మాది ఆఖరి బ్యాచీ అన్నమాట, మాకు పూర్వ విద్యార్థుల సంఘం పెట్టుకోవాల" అన్నాడు.

పేర్లు మారాయంటాడు. అప్పట్లో కుంటోడు అనేవాళ్ళు, తర్వాత వికలాంగుడు అన్నారు, ఇప్పుడు దివ్యాంగుడు అంటున్నారు. "పేరులో దివ్యం వచ్చింది, మెట్లు మాత్రం అట్లనే ఉండాయి" అంటాడు.

పోయిన సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు వాడి షాపులో కూర్చుని ఫోనులో ఇద్దరం మయూరి చూశాం. నలభై ఏళ్ళకు పిలిచాను. మధ్యలో రెండుసార్లు ఆపి గిరాకీ చూసుకున్నాడు. పాటలొస్తుంటే తల ఊపాడు. హాస్యం దగ్గర నవ్వాడు. సాధన చేస్తూ పడిపోయే చోట మాత్రం తన ఇనుప పట్టీ కొంచెం వదులు చేసుకున్నాడు, తనకే తెలియకుండా.

అయిపోయాక అభిప్రాయం అడిగాను. వాడు చెప్పింది నేననుకున్నది కాదు.

"మంచి సినిమా రా. ఆ రోజు చూడకుండానే మాట్లాడినా. ఆడితేనే మర్యాదనా అన్న మాట ఇప్పటికీ అంటా. కానీ ఇంకోటి ఉండాది. ఆ కాలంలో కాలు లేని ఆడబిడ్డను ఇంట్లోనే దాచిపెట్టేవాళ్ళు. ఈ సినిమా తీసినోళ్ళు ఆమెను దాచలేదు. ఆమె వేషం ఇంకొకరికి ఇయ్యలేదు. ఆమెనే నిలబెట్టినారు. ఆ సంగతి మీరెవరూ ఆ పొద్దు చెప్పలేదే!"

నిజం. మేము చెప్పలేదు. మాకు తోచలేదు. ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో చూడలేదు, కాలూ చెయ్యీ బాగున్న నటులు కుంటుతూ నటించి పేరు తెచ్చుకోవడం! వైకల్యం ఉన్న మనిషే తన పాత్ర తాను వేసిన సందర్భాలు తక్కువ. మేము పాదాలు చూశాం, అయివారు పట్టుదల చూశారు, అవ్వ పెళ్ళి చూసింది, అమ్మ నొప్పి చూసింది. వాడు మాత్రం, ఆ మనిషిని పిలిచారా లేదా అన్నది చూశాడు.

ఇక సిమెంటు. ఈ హాలు మనందరం చందాలేసుకుని కట్టించుకున్నది. ప్లాను చూసిపెట్టిన ముగ్గురు ఇంజనీర్లలో నేనొకడిని. ఈ స్టేజీకి ఆరు మెట్లున్నాయి. పక్కన పట్టుకునే కమ్మీ కూడా లేదు. ఇందాక మా బ్యాచీని సన్మానానికి పిలిచినప్పుడు అందరం పైకొచ్చాం. ఒకడు రాలేదు. వాడు రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. ఎవరో చెప్పొద్దన్నాడు, నేను చెప్పను. "పేరు చెప్తే మళ్ళా అందరూ నన్ను కాలుతోనే గుర్తుపెట్టుకుంటారు, మోటారుతో గుర్తుపెట్టుకోనీ" అన్నాడు. ఈ ప్రసంగమంతా వాడికి ముందే వినిపించి, ఒప్పుకున్నాకే ఇక్కడ చెబుతున్నాను.

ముప్పై ఏళ్ళుగా నా పని కాలువలకు వాలు లెక్కేయడం. హంద్రీనీవా పనుల్లో చాలాకాలం ఉన్నాను. పెద్ద కాలువకు కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్ల వాలు చాలు, నీళ్ళు నడుస్తాయి. నీళ్ళు నడిచే వాలు అంత జాగ్రత్తగా చూసినవాడిని, నా మిత్రుడు నడిచే వాలు చూడలేదు. ప్లాను మీద సంతకం పెట్టేటప్పుడు వాణ్ణి ఒక్క మాట అడగలేదు. తొమ్మిదో తరగతిలో చేసిన తప్పే యాభై ఏళ్ళు దాటాక కూడా చేశాను. 2016 నాటి చట్టం ప్రకారం జనం వచ్చే భవనాలకు ఇలాంటి వసతి ఉండాలి. చట్టం తెలియకపోవడం వల్ల కాదు, గుర్తు రాకపోవడం వల్ల జరిగింది.

దిద్దుకోవడం కష్టం కాదు. ఆరు మెట్లు, మెట్టుకు ఆరంగుళాలు, అంటే మూడడుగుల ఎత్తు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. అంటే ముప్పై ఆరు అడుగులు. హాలు లోపల చోటు లేదు. తూర్పు గోడ బయట, వేపచెట్టు వైపు, చోటుంది. పద్దెనిమిది అడుగులు పోయి, ఐదడుగుల చదునులో ఆగి తిరిగి, మరో పద్దెనిమిది అడుగులు వస్తే సరిగ్గా స్టేజీ పక్క తలుపు దగ్గరికి చేరుతుంది. నాలుగడుగుల వెడల్పు. రెండు పక్కలా కమ్మీలు. పైన తాడిపత్రి బండలు వేద్దాం, కానీ నున్నగా పాలిషు పట్టినవి వద్దు. గరుకుగా ఉండేవి, వానలో జారనివి. వాన ఎప్పుడో ఒకసారి పడుతుంది కదా, మన ఊళ్ళో కూడా.

చెట్టు కొట్టాల్సిన పని లేదు. కొలతలు నిన్న సాయంత్రం తీశాం. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస వాడు. వాలు ఎక్కడ ఎంతుండాలో వాడే చెప్పాడు. నేను గీసిన మొదటి ప్లానులో కమ్మీ ఎత్తు తప్పని దిద్దాడు. డ్రాయింగు కార్యదర్శి గారికి ఇప్పుడే ఇస్తున్నాను. ఖర్చు మా 1987 పదో తరగతి బ్యాచీ పెట్టుకుంటుంది. సంఘం అనుమతి ఇస్తే చాలు. పూర్తయ్యాక నాణ్యత పరీక్ష ఇంజనీర్లు చేయరు, వాడు చేస్తాడు.

ఆ రోజు క్లాసులో గజ్జెల గురించి అడిగిన ఆమె కూడా ఈ సభలో ఉంది. ఇందాక ప్రార్థన తర్వాత మన బడి ఆడపిల్లలు చెక్కభజన కట్టారు కదా, నేర్పింది ఆమే. ఆమె ప్రశ్నకు ఆమే జవాబు చెప్పుకుంది. మేమెవరం చెప్పలేదు.

తెలుగు అయివారు ఇప్పుడు లేరు. ఆ ప్రశ్న ఆయన నల్లబల్ల మీద రాశారు గానీ జవాబు రాయలేదు. గంట కొట్టేశారు. అయివారూ, తప్పు సినిమాలో వాడొక్కడిదే కాదు, మాది కూడా. వచ్చే ఏడు ఇదే సభకు మా బ్యాచీ అంతా స్టేజీ ఎక్కుతుంది. అందరం మెట్ల మీదుగా కాదు, పక్క దోవన, వాడి వెనకాల నడిచి వస్తాం.